"నానా" అంటే అమ్మమ్మా, అమ్మవారా, చంద్రుడా?

తేనెపలుకు
అందరికీ నమస్కారం. పిల్లల కోసం దేశదేశాల పురాణ కథలు కొన్ని తెలుగులో రాస్తున్నాను. మొదటి భాగం అమ్మమ్మల గురించి. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలో చాలామంది పిల్లలు అమ్మమ్మనైనా నానమ్మనైనా ముద్దుగా "నానా" అంటారు కదా. ఆ పిలుపుతో మొదలుపెట్టి, అదే పేరున్న దేవతల కథల్లోకి వెళ్ళాలని నా ఆలోచన.

తీరా చదవడం మొదలుపెట్టాక చిక్కుముడి పడింది. ఒకచోట నానా ఒక నది కూతురు. ఇంకోచోట సింహం మీద కూర్చున్న దేవత. మరోచోట చంద్రుడు, అదీ మగదేవుడు. ఆఫ్రికాలో ఏకంగా సృష్టికి మూలం. వీళ్ళంతా ఒక్కరేనా? ఒకరి నుంచి ఒకరు పుట్టుకొచ్చారా? లేక పేరు మాత్రమే కలిసిందా?

తెలుగులో రాసేటప్పుడు ఇంకో ఇబ్బంది. మనకు నాన్న అంటే తండ్రి. నానమ్మ అంటే ఆయన తల్లి. హిందీలో నానా అంటే అమ్మ తండ్రి, నానీ అంటే అమ్మమ్మ. సంస్కృతంలో నానా అంటే రకరకాల అని. పిల్లలు ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు దారి చూపండి.

మట్టిపలక
తేనెపలుకు గారూ, ముందు చంద్రుడి సంగతి తేల్చేద్దాం. ఎక్కువమంది పొరబడేది అక్కడే.

సుమేరియన్ల చంద్రదేవుడు "నన్న". దీర్ఘం లేదు, నకారం కింద ఒత్తు ఉంది. అక్కడ్ భాషలో ఆయనే సీన్. ఆయన పట్నం ఉర్, ఇప్పటి ఇరాక్ దక్షిణాన ఉంది. క్రీ.పూ. 21వ శతాబ్దంలో ఉర్-నమ్ము అనే రాజు ఆయన కోసం అంతస్తులు అంతస్తులుగా కట్టించిన జిగ్గురాత్ అనే గుడిగోపురం అడుగుభాగం ఇప్పటికీ నిలిచి ఉంది. తండ్రి ఎన్లిల్, తల్లి నిన్లిల్, భార్య నింగల్. సూర్యుడు ఉతు ఆయన కొడుకు. సూర్యచంద్రులను అన్నదమ్ముల్లా ఊహించుకునే మనకు ఇది కొత్తగా ఉంటుంది, కానీ వాళ్ళ లెక్కలో ముందు రాత్రి, తర్వాతే పగలు. ఆయన అంకె 30, నెలకున్న రోజులు.

ఆయన కూతురు ఇనన్న. ఈమె వేరు. ఉరుక్ పట్నంలో పూజలందుకున్న "ననాయ" అనే దేవత మళ్ళీ వేరు. నన్న, ఇనన్న, ననాయ: ముగ్గురు, మూడు పేర్లు. చెవికి ఒకలాగే వినిపిస్తాయి కాబట్టి పుస్తకాల్లో కూడా కలిపేస్తుంటారు. మీకు సింహం మీద కనిపించిన దేవత ఈ ననాయే. ఆ కథ నాకంటే నాణేలు తెలిసినవాళ్ళు బాగా చెబుతారు.

ఒక మాట మాత్రం చెప్పి ఆపుతాను. ఈ చంద్రుడు అమ్మమ్మ కాడు. కానీ ఆయన్ని జీవితాంతం కొలిచిన ఒక ముసలమ్మ గురించి మీ పుస్తకంలో తప్పకుండా రాయాలి. పేరు అదద్-గుప్పి. బాబిలోను చివరి రాజు నబోనిదస్ తల్లి. ఇప్పటి తుర్కియేలో ఉన్న హర్రాన్‌లో ఆమె మాటలుగా చెక్కించిన రాయి దొరికింది. తాను 104 ఏళ్ళు బతికానని, నాలుగో తరం పిల్లల దాకా కళ్ళారా చూశానని, చూపు బాగుందని, చెవులు బాగా వినిపిస్తున్నాయని, చేతులూ కాళ్ళూ ఆడుతున్నాయని, తిన్నది వంటబడుతోందని అందులో ఉంది. క్రీ.పూ. 547లో చనిపోయింది. రాజుల శాసనాల్లో యుద్ధాలూ కప్పాలూ చదివి చదివి ఉన్నవాణ్ణి, ఈ శాసనం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. ఏ అవ్వ కోరుకునేదైనా ఇదే కదా.

జగజ్జనని
నా అభిప్రాయం కొంచెం వేరు. పేరు ఒకటే, రూపం తల్లి, వాహనం సింహం. సుమేరు నుంచి గ్రీసు దాకా, ఆఫ్రికా నుంచి మన దాకా ఒకే ఆదిమాత రకరకాలుగా వెలిసిందని నేను నమ్ముతాను. మన హిమాచల్‌లో నైనాదేవి కూడా ఆమే. చిన్నపిల్ల నోట మొదట వచ్చే మాట అమ్మవారి పేరే కావడం ఊరికే జరగదు.

శబ్దమూలం
జగజ్జనని గారూ, మీ చివరి వాక్యంలోనే జవాబు ఉంది. అది ఊరికే జరగలేదు, కారణం ఉంది. ఆ కారణం పసిపిల్లల నోరు.

మ, న, ప, బ, త, ద. పళ్ళు రాని పిల్లలు కూడా పలకగలిగే శబ్దాలివి. పాలు తాగుతూ పెదాలు మూసుకుని ఉన్నప్పుడు ముక్కులోంచి వచ్చే ధ్వనే మ, న అని, తల్లి కోసం ఏడ్చేటప్పుడు ఆ ధ్వనే మాటగా మారుతుందని భాషావేత్త రోమన్ యాకోబ్సన్ 1960లో అచ్చయిన వ్యాసంలో వివరించాడు. పిల్ల "న...న..." అంటుంది. ఎదురుగా ఉన్నది ఎవరైతే వాళ్ళు అది తమ పేరనుకుంటారు. ఇంగ్లీషువాళ్ళకు అది అమ్మమ్మ అయింది. మనకు నాన్న అయింది. హిందీలో అమ్మ తండ్రి అయింది. జార్జియా దేశంలో అయితే "మామ" అంటే తండ్రి, "దెద" అంటే తల్లి!

మన దగ్గరే ఎంతో పాత సాక్ష్యం ఉంది. ఋగ్వేదం తొమ్మిదో మండలం, 112వ సూక్తం, మూడో మంత్రం: "కారురహం తతో భిషగ్ ఉపలప్రక్షిణీ ననా". నేను పాటలు కట్టేవాణ్ణి, మా తత వైద్యుడు, మా నన తిరగలి విసురుతుంది. ఇక్కడ తత అంటే తండ్రి, నన అంటే అమ్మ. వేదంలోని మాటలకు అర్థాలు చెప్పే నిరుక్తం అనే పాత గ్రంథంలో యాస్కుడు ఈ నన మాటకు తల్లి అనో కూతురు అనో అర్థం చెప్పి, వంగడం అనే ధాతువు నుంచి తీశాడు. నాకైతే ధాతువు అక్కర్లేదనిపిస్తుంది. ఇంట్లో పిలుచుకునే పిలుపు అది. ఆ తత పక్కన మన తాతను, ఆ నన పక్కన మన నాన్నను పెట్టి చూడండి. ఒకటి ఒక తరం పైకి జరిగింది, రెండోది ఆడ నుంచి మగకు మారింది. అలాగని తెలుగు మాటలు వేదం నుంచి వచ్చాయనడం లేదు. పిల్లలు ఎక్కడైనా పిల్లలే, అంతే.

అందుకే శబ్దం కలిసిందని దేవతలను కలపకూడదు. నైనాదేవి పేరు నయనం నుంచి వచ్చిందనేదే అక్కడి కథ, సతీదేవి కళ్ళు పడిన చోటు అని.

జగజ్జనని
శబ్దం ఎక్కడైనా పుట్టవచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఆ శబ్దాన్ని దేవతకు ఎందుకు పెట్టుకున్నారు? నా ప్రశ్న అది.

శబ్దమూలం
మంచి ప్రశ్న. దానికి ఒక్కో దేవతనూ విడివిడిగా చూడాల్సిందే.

పాతనాణెం
నా వంతు వచ్చినట్టుంది. ననాయ ప్రయాణం చెబుతాను. ఇది ఊహ కాదు, అడుగడుగునా రాతలో దొరికే ప్రయాణం.

మొదలు ఉరుక్. అక్కడి నుంచి ఆమె విగ్రహాన్ని ఏలాము (ఇప్పటి నైరుతి ఇరాన్) రాజులు తమ పట్నం సూసాకు ఎత్తుకుపోయారు. క్రీ.పూ. 7వ శతాబ్దంలో సూసాను కొల్లగొట్టిన అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్, వెయ్యేళ్ళకు పైగా పరాయిచోట ఉన్న దేవతను మళ్ళీ ఉరుక్‌కు చేర్చానని రాయించుకున్నాడు. తర్వాత ఆమె పేరు తూర్పుకు నడిచింది. ఇరాన్ దాటి బాక్ట్రియాకు, అంటే ఇప్పటి ఉత్తర అఫ్గానిస్తాన్‌కు వచ్చింది.

అక్కడే మన కనిష్కుడు. చిన్నప్పుడు పాఠాల్లో బౌద్ధాన్ని ఆదరించిన రాజుగా చదువుకున్నాం కదా. ఆయన తొలి నాణేల మీద గ్రీకులో "ననైయా" అని ఉంటుంది. కొద్దికాలానికే రాజు భాష మార్చి బాక్ట్రియన్‌లో ముద్రించాడు. అప్పుడది "నానా" అయింది. 1993లో అఫ్గానిస్తాన్‌లోని రబాతక్ దగ్గర ఒక శాసనం బయటపడింది. కనిష్కుడు తన రాజ్యాన్ని నానా నుంచి, తక్కిన దేవతలందరి నుంచి పొందాడని అందులో స్పష్టంగా ఉంది. ముందు ఆమె పేరు, తర్వాతే మిగతావాళ్ళు. సింహం మీద కూర్చున్న నానా కూడా కనిష్కుడి వంశమైన కుషాణుల నాణేల మీద కనిపిస్తుంది. తల వెనక కాంతివలయం, కొన్నిటి మీద నెలవంక.

ఇంకా పైకి, ఇప్పటి తజికిస్తాన్‌లోని పంజికెంత్‌లో గోడల మీద బొమ్మలున్నాయి. సింహం మీద నానా, నాలుగు చేతులు, పై రెండు చేతుల్లో సూర్యుడూ చంద్రుడూ. నాలుగు చేతులు ఎక్కడి నుంచి వెళ్ళాయో వేరే చెప్పక్కర్లేదు.

మనుషుల పేర్లలోనూ ఆమె ఉంది. 1907లో పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టెయిన్‌కు చైనాలోని తున్‌హువాంగ్ దగ్గర ఒక పాత కావలి బురుజులో సొగ్దియా (పంజికెంత్, సమర్‌ఖండ్ ఉన్న ప్రాంతం) వర్తకుల ఉత్తరాలు దొరికాయి. 4వ శతాబ్దం తొలినాళ్ళవి. ఒక ఉత్తరం రాసినవాడు ననై-వందక్, అంటే నానా దాసుడు. ఇంకో రెండు ఉత్తరాలు మివ్నయ్ అనే ఆడమనిషి రాసినవి. పరాయి ఊళ్ళో తనను వదిలేసి పోయిన మొగుడి మీద ఆమె కోపం 1,700 ఏళ్ళ తర్వాత చదివినా చల్లారలేదు. నీ భార్యగా ఉండేకంటే కుక్కకో పందికో భార్యనై ఉండటం మేలు అంటుంది. ఆ మొగుడి పేరు ననై-ధాత్. నానా ఇచ్చినవాడు అని. మన దుర్గాదాసు, దుర్గాప్రసాద్ లాంటి పేర్లే అవి.

కాబట్టి జగజ్జనని గారూ, మీరన్న ఒకే తల్లి ఈ దారిలో నిజంగానే ఉంది. ఉరుక్ నుంచి పంజికెంత్ దాకా. అయితే ఈమె ముసలమ్మ కాదు. మొదట్లో ప్రేమకు దేవత, తర్వాత రాజ్యం ఇచ్చే దేవత. ఆమెను "అమ్మమ్మా" అని పిలిచినట్టు నేను చూసిన ఏ నాణెం మీదా, ఏ శాసనంలోనూ లేదు.

మరుభూమి
నాణెం మీద లేకపోవచ్చు. మనుషుల నోట ఉంది.

బలూచిస్తాన్‌లో హింగోల్ నది ఒడ్డున, కొండ సందులో హింగ్లాజ్ మాత గుహాలయం ఉంది. శక్తిపీఠాల కథలో సతీదేవి శిరస్సు పడిన చోటు. లోపల శిల్పం అంటూ ఏమీ ఉండదు, సింధూరం పూసిన నున్నటి రాయి. ఏటా వసంతంలో యాత్ర. కరాచీ నుంచి, సింధ్ నలుమూలల నుంచి హిందువులు వెళ్తారు. దారిలో బురదను వెళ్ళగక్కే చంద్రగుప్ అనే మట్టిగుట్ట ఎక్కి, కొబ్బరికాయ వేసి మొక్కుకుని ముందుకు సాగుతారు.

అక్కడి ముస్లింలు కూడా ఆ తల్లిని గౌరవిస్తారు. వాళ్ళు ఆమెను ఏమంటారో తెలుసా? నానీ. ఆ గుడి "నానీ మందిర్". ఆ యాత్ర "నానీ కీ హజ్". హింగ్లాజ్ మాత అని పెద్ద పేరు పలకరు. అమ్మమ్మ దగ్గరికి వెళ్ళొస్తాం అన్నట్టే ఉంటుంది.

ఈ నానీలో పాతనాణెం గారి నానా దాగి ఉందని కొందరు పండితులు ఊహించారు. చోటు కూడా ఆమె నడిచిన దారికి దగ్గరే. గట్టి రుజువు మాత్రం లేదు. నానీ అనేది మామూలు మాట, అమ్మమ్మ అని దానికి సొంత అర్థం ఉంది. దేవతను ప్రేమగా అలా పిలిచి ఉండవచ్చు.

శబ్దమూలం
మరుభూమి గారూ, రెండూ ఒకేసారి నిజం కావచ్చు కూడా. పాత దేవత పేరు అర్థం మరిచిపోయాక, అదే శబ్దమున్న ఇంటి మాట వచ్చి ఆ పేరును కాపాడి ఉండవచ్చు. ఇది ఊహ అనే చెబుతున్నాను. తేనెపలుకు గారూ, పుస్తకంలో రాస్తే "అని కొందరి ఊహ" అని తప్పకుండా చేర్చండి.

తేనెపలుకు
చేర్చుతానండీ. నానీ సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మరి నది కూతురో?

మట్టిపలక
ఆమె ఫ్రిజియా కథలోది, ఇప్పటి తుర్కియే మధ్యభాగం. సంగారియస్ అనే నది, ఇప్పుడు సకార్యా అంటారు. ఆ నదీదేవుడి కూతురు నానా. దేవతల రక్తం పడి మొలిచిన చెట్టు పండును ఒడిలో పెట్టుకోగానే గర్భవతి అయింది. గ్రీకు యాత్రికుడు పౌసానియస్ అది బాదం అన్నాడు, కూతురి పేరు చెప్పలేదు. సుమారు క్రీ.శ. 300 నాటి క్రైస్తవ రచయిత ఆర్నోబియస్ దానిమ్మ అన్నాడు, నానా అనే పేరూ చెప్పాడు. తండ్రి ఆమెను తిండి పెట్టకుండా గదిలో బంధించాడు. దేవతల తల్లి సిబెలే పండ్లు ఇచ్చి బతికించింది. పుట్టిన బిడ్డను అడవిలో పారేయిస్తే మేకపాలతో పెరిగాడు. అతనే అత్తిస్. తర్వాత అదే సిబెలే అతన్ని ప్రేమించింది, అక్కడి నుంచి కథ విషాదం. చెట్టు ఎలా మొలిచిందో, అత్తిస్ ఎలా చనిపోయాడో పిల్లలకు చెప్పేవి కావు, చూసుకోండి.

శబ్దమూలం
ఈ కథలో పేర్లు చూడండి. తల్లి నానా. కొడుకు అత్తిస్, అతనికే "పాపాస్" అని ఇంకో పేరు. హిట్టైట్ భాషలో, గోథిక్ భాషలో "అత్త" అంటే తండ్రి, తుర్కీలో "అత". మనకేమో అత్త అంటే మేనత్త! మొత్తం కథే పసిపిల్లల మాటలతో అల్లినట్టుంది. ఆ ప్రాంతపు పాత సమాధిరాళ్ళ మీద మామూలు మనుషులకు కూడా నానా, పాపాస్, అమ్మియా లాంటి పేర్లే కోకొల్లలు. కాబట్టి ఈ నానాను ఉరుక్ ననాయతో కలపడానికి పేరొక్కటే చాలదు.

మంచుకథ
ఉత్తర ఐరోపా కథల్లో కూడా ఒక నన్న ఉంది. అందరూ మెచ్చే దేవుడు బాల్డర్ భార్య, ఫోర్సెతి తల్లి. మోసం వల్ల బాల్డర్ చనిపోయినప్పుడు అతని ఓడనే చితిగా పేర్చారు. అది చూసి నన్న గుండె పగిలి చనిపోయింది. ఇద్దరినీ కలిపే దహనం చేశారు. ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా ఇష్టం. బాల్డర్‌ను విడిపించుకోవడానికి ఒక దూత చనిపోయినవాళ్ళ లోకానికి వెళ్తాడు. వట్టి చేతులతో తిరిగివస్తూ ఉంటే, నన్న తన అత్తగారు ఫ్రిగ్‌కు నారబట్ట ఒకటి పంపుతుంది. ఫ్రిగ్ చెలికత్తె ఫుల్లాకు బంగారు ఉంగరం. చచ్చిపోయాక కూడా అత్తగారికి బట్ట పెట్టిన కోడలు!

13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌వాడైన స్నోరి రాసిన ఎడ్డా అనే కథల పుస్తకంలో ఇదంతా ఉంది. డేన్‌మార్క్ చరిత్ర రాసిన సాక్సో దగ్గర అదే నన్న రాజు కూతురు, మామూలు మనిషి. పేరుకు అర్థం తల్లి అని కొందరు, ధైర్యం గలది అని కొందరు అంటారు.

జగజ్జనని
మంచుకథ గారూ, ఈమె మాత్రం అమ్మవారు కాదని నేనే ఒప్పుకుంటున్నాను. :)

సముద్రపుగాలి
ఎవరూ ఆఫ్రికా వైపు రాలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నా దృష్టిలో అమ్మమ్మ, దేవత నిజంగా కలిసిన కథ ఇదే.

పశ్చిమ ఆఫ్రికాలో, ఇప్పటి బెనిన్ దేశంలో ఫోన్ ప్రజలకు నానా బులుకు అందరికంటే ముందున్న దైవం. ఆమెకు కవలలు, చంద్రుడితో ముడిపడిన మావు, సూర్యుడితో ముడిపడిన లిసా. లోకాన్ని నడిపే పని వాళ్ళకు అప్పగించి తాను వెనక్కి తగ్గింది. దగ్గర్లోనే ఘానాలో అకాన్ ప్రజల భాషలో "నానా" అంటే తాత, అవ్వ, ఇద్దరూ. ఊరి పెద్దను, రాజును కూడా గౌరవంగా నానా అంటారు. పూర్వీకులు అనడానికి "నానానోమ్" అంటారు. ఇంటి అవ్వ, ఊరి పెద్ద, పోయిన పెద్దలు, అందరికీ ఒకటే మాట.

తర్వాత బానిసల ఓడలు వచ్చాయి. ఆ ఓడల్లో మనుషులతో పాటు వాళ్ళ దైవాలూ సముద్రం దాటాయి. బ్రెజిల్‌లో కాందొంబ్లే మతంలో ఆమె "ననా" అయింది, చివర ముక్కుతో పలుకుతారు. దేవతలందరిలోకీ వయసులో పెద్దది. వానకు, బురదకు, చిత్తడి నేలకు అధిదేవత. మనుషులను చేయాలని ఒషాలా అనే దేవుడు రకరకాల వస్తువులతో ప్రయత్నించి ఓడిపోతే, ననా తన చెరువు అడుగున ఉన్న మట్టి తీసి ఇచ్చిందట. ఒకే షరతు. అది అప్పు. మనిషి చనిపోయాక ఆ మట్టి మళ్ళీ ఆమెకే చేరాలి.

యజమానులు ఆ దైవాలను కొలవనివ్వకపోవడంతో, బానిసలు ఒక్కో దేవతనూ ఒక్కో క్రైస్తవ పునీతుల పేరు చాటున దాచుకున్నారు. ననాకు ఎవరిని ఎంచుకున్నారో చూడండి, పునీత అన్నమ్మను. మరియమ్మ తల్లి, అంటే యేసుకు అమ్మమ్మ. పండుగ జులై 26. బ్రెజిల్‌లో అవ్వాతాతల దినం కూడా అదే రోజు.

ఈమెకు ఉరుక్ దేవతతో ఏ సంబంధమూ లేదు. అయినా జగజ్జనని గారు అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందనిపిస్తుంది. అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళకు అన్నిటికంటే పాతదైన దేవతను తలుచుకుంటే అవ్వ గుర్తొచ్చింది. అవ్వ పేరే పెట్టి పిలిచారు.

జగజ్జనని
చదివి కళ్ళు చెమర్చాయి. ఒకే దేవత అని ఇక పట్టుబట్టను. ఒకే ప్రేమ అంటాను, దానికైనా శబ్దమూలం గారు ఒప్పుకోవాలి.

శబ్దమూలం
మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఫ్రాన్స్‌లోని బ్రెతాన్ ప్రజలు కూడా అదే పునీత అన్నమ్మను తమ భాషలో "మామ్ గోజ్" అంటారు. ముసలి తల్లి, అంటే అమ్మమ్మ. బ్రెతాన్‌ల అమ్మమ్మ అని ఆమె బిరుదు.

ఊయల
ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాయలేదు. జార్జియా మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. వాళ్ళ జోలపాటల్లో "నానా" పల్లవి. "ఇయవ్‌నానా" అంటారు. "ఇయా" అంటే ఊదారంగు చిన్న పువ్వు. మనకు "లాలి లాలి", "జో జో" ఎలాగో వాళ్ళకు "నానా" అలాగ.

అయితే ఆ పాట నిద్రపుచ్చడానికే కాదు. పిల్లలకు అమ్మవారు పోసినప్పుడు, తట్టు వచ్చినప్పుడు కూడా పాడేవారు. ఆ జబ్బులను జబ్బు అనకుండా "బతోనెబి", అంటే దొరలు అనేవారు. ఇంటికి వచ్చిన అతిథుల్లా చూసుకోవాలి, పువ్వులు పెట్టాలి, మెల్లగా పాడాలి, కోపం రాకుండా సాగనంపాలి. మశూచిని మనం అమ్మవారు అన్నట్టే కదా! వేల మైళ్ళ దూరంలో, బిడ్డ పక్కన కూర్చున్న తల్లికి అదే తోచింది.

తేనెపలుకు
ఊయల గారూ, ఇన్నాళ్ళు ఎందుకు రాయలేదండీ! ఇది తప్పకుండా పెడతాను.

ఇంకో సందేహం. మన అవ్వకూ బైబిల్లో హవ్వకూ సంబంధం ఉందా? మా పిల్లలు అందరికంటే మొదటి అవ్వ కాబట్టి హవ్వ అనుకుంటున్నారు.

శబ్దమూలం
పిల్లల ఊహ ముచ్చటగా ఉంది గానీ సంబంధం లేదు. హవ్వ హీబ్రూ పేరు, ప్రాణం, బతుకు అనే మాటతో దాన్ని ముడిపెడతారు. అవ్వ ద్రావిడ మాట. కన్నడంలో అవ్వ అంటే తల్లి, తమిళంలో అవ్వై అంటే పెద్దావిడ.

కానీ మీకు కావాల్సిన మాట మన ఇంట్లోనే ఉంది, దాని గురించి ఎవరూ ఎత్తలేదు. జేజి! పసిపిల్లకు దేవుడి పటం చూపించి "జేజి, దండం పెట్టు" అంటాం. జేజేలు అంటే నమస్కారాలు. రాయలసీమలో అదే జేజి, జేజమ్మ అంటే అవ్వ. తాత జేజినాయన. అమ్మమ్మకూ దేవుడికీ ఒకటే పిలుపు ఎక్కడ ఉందా అని మనం ఉరుక్ నుంచి బ్రెజిల్ దాకా వెతుకుతున్నాం.

పాతనాణెం
నాణేల పిచ్చిలో పడి జేజిని మరిచిపోయాను. మొదటి పేజీ అదే పెట్టండి తేనెపలుకు గారూ.

మరుభూమి
పెట్టండి. చివరి పేజీకి నా దగ్గర ఒక కథ ఉంది. పారశీకంలో "ననె" అంటే తల్లి, ముసలమ్మ. ఇరాన్‌లో ననె సర్మా అని ఒక అవ్వ కథ చెబుతారు. సర్మా అంటే చలి. ఆమెకు ఎదురుచూపు ఒక్కటే. వసంతం మొదటిరోజున నౌరోజ్ మామ వస్తాడు. ఆయన కోసం తెల్లవారకముందే లేచి ఇల్లు ఊడ్చి, పరుపు పరిచి, మంచి బట్టలు కట్టుకుని, అన్నీ సిద్ధం చేసి గుమ్మంలో కూర్చుంటుంది. కూర్చుని కూర్చుని నిద్రపోతుంది. ఆయన వస్తాడు. లేపడానికి మనసు రాదు. ఒక పువ్వు కోసి ఆమె దగ్గర పెట్టి, కాసేపు కూర్చుని వెళ్ళిపోతాడు. ఆమె లేచి పువ్వు చూసి, వచ్చి వెళ్ళాడని తెలుసుకుంటుంది. మళ్ళీ ఏడాది ఆగాలి.

తేనెపలుకు
మొదటి పేజీ జేజి, చివరి పేజీ ఈ అవ్వ. మధ్యలో అదద్-గుప్పి, హింగ్లాజ్ నానీ, అప్పు మట్టి ఇచ్చిన ననా, జోలపాట. నన్న పంపిన నారబట్ట కూడా. అత్తిస్ కథ వదిలేస్తాను. పేర్లు ఎలా రాయాలో మాత్రం ఎవరైనా చెప్పండి.

శబ్దమూలం
చంద్రుడికీ బాల్డర్ భార్యకూ "నన్న" అని ఒత్తుతో. ఉరుక్ దేవతకు "ననాయ". కుషాణుల దేవతకు, నానా బులుకుకు "నానా". బ్రెజిల్ దేవతకు "ననా". ఎక్కడా "నాన్న" అని పడకుండా ప్రూఫ్ చూసేటప్పుడు జాగ్రత్త. అమ్మమ్మ అని అర్థమున్న చోట నేరుగా అవ్వ అనో అమ్మమ్మ అనో రాసేయండి.

తేనెపలుకు
మరి ననె సర్మాకు తెలుగు పేరు? చలవ్వ అందామా?

ఊయల
చలి అవ్వ అని విడిగానే ఉంచండి. కలిపితే చలువలా వినిపిస్తుంది, ఆమె చలి పోతుంది.